గొలుసుకట్టు రాత

పాత భూమి కాగితాలు చూసిన వాళ్లకు గొలుసుకట్టు రాత గుర్తుండే ఉంటుంది. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరానికి తగిలించుకుంటూ పోయే రాత. అది తెలుగే. అయినా తెలుగు చదవడం వచ్చిన వాడికి కూడా అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా తాతగారి భోషాణంలో అలాంటి కాగితాల కట్ట ఒకటి ఉండేది. పొలం ఆయనది, కాగితం ఆయనది, శిస్తు కట్టేదీ ఆయనే. అందులో ఏం రాసి ఉందో తెలుసుకోవాలంటే మాత్రం ఊరి భూమి లెక్కలు రాసే కరణం గారి అరుగు ముందు నిలబడాల్సిందే. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం గ్రామ కరణాల ఉద్యోగాలను రద్దు చేసినప్పుడు తాతగారు అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఉద్యోగం తీసేశారు సరే, ఈ రాత ఎవరు విప్పుతారు?"

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది సాఫ్ట్‌వేర్ గురించి, దేశాల మధ్య కుదిరే వాణిజ్య ఒప్పందాల గురించి. తాతగారి ప్రశ్న దానికి దూరమైనదేమీ కాదు.

కంప్యూటరు ప్రోగ్రాముకు రెండు రూపాలుంటాయి. మనిషి కూర్చుని రాసేది, చదివి అర్థం చేసుకోగలిగేది సోర్స్ కోడ్. దాన్ని యంత్రానికి పనికొచ్చేట్టు మారిస్తే వచ్చేది సున్నాలూ ఒకట్లూ. చాలా కంపెనీలు మనకు అమ్మేది ఈ రెండో రూపాన్ని మాత్రమే. అది గొలుసుకట్టు రాత లాంటిది. పని జరుగుతుంది, లోపల ఏం జరిగిందో తెలియదు. ఓపెన్ సోర్స్ అంటే మొదటి రూపాన్ని కూడా చేతికివ్వడం. చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పక్కవాడికి ఇవ్వచ్చు.

దీని విలువ నాకు పుస్తకాల్లో తెలియలేదు. ఖాళీ దొరికినప్పుడల్లా ఇలాంటి ప్రోగ్రాముల మెనూలను తెలుగులోకి మార్చే వాళ్లలో నేనూ ఒకణ్ని. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తెలుగులో కనిపించిందన్నా, హైదరాబాదులో 'స్వేచ్ఛ' సంస్థ చుట్టూ చేరిన విద్యార్థులు లినక్స్‌ను తెలుగులో తయారు చేశారన్నా, 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మీటలన్నీ తెలుగులో ఉన్నాయన్నా, వాటి వెనక ఎవరి అనుమతి కోసమూ ఆగని మనుషులున్నారు. తెలుగు వాళ్లెంతమంది కొంటారో లెక్కలు వేసుకుని కంపెనీ దయతలచేదాకా కాచుకు కూర్చోవలసిన అవసరం వాళ్లకు లేకపోయింది. కోడు ఎదురుగా ఉంది, తీసుకున్నారు, మార్చారు.

మరి వాణిజ్య ఒప్పందాలకు దీనితో పనేమిటి? ఓపెన్ సోర్స్ వాడకూడదని ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు. అలా రాస్తే ఎవరూ సంతకం పెట్టరు. ఒప్పందాలు ముట్టుకునేది వేరే చోట. ఒక దేశానికి, ఆ దేశపు శాసనసభకు, "ఈ రాత విప్పి చూపించండి" అని అడిగే హక్కు ఎంత మిగిలి ఉంటుందన్న దగ్గర. ఆ హక్కు ఒక్కసారిగా పోదు, అంచెలంచెలుగా తరుగుతుంది. అది ఎలా తరుగుతుందో చెప్పడానికి పెరూ దేశం కథ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దక్షిణ అమెరికాలో పెరూ. ఆండీస్ కొండల్లో ఆందావైలస్ అనే ఊరుంది. ఆ ఊరికి మేయరుగా పనిచేసి, తర్వాత దేశ కాంగ్రెసుకు ఎన్నికైన మనిషి ఎడ్గార్ విల్యనువేవా. 2001 చివర్లో ఆయన ఒక బిల్లు తెచ్చారు. దాని నంబరు 1609. ప్రభుత్వ కార్యాలయాలన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునే, అంటే సోర్స్ కోడ్ చేతికిచ్చే సాఫ్ట్‌వేరునే, వాడాలన్నది దాని సారాంశం. మామూలుగా అయితే అలాంటి బిల్లు పెరూ సరిహద్దు దాటి వినిపించేది కాదు. కానీ 2002 మార్చి 21న మైక్రోసాఫ్ట్ పెరూ శాఖ జనరల్ మేనేజరు ఆయనకు ఒక పెద్ద ఉత్తరం రాశారు. ఈ బిల్లు సమానత్వానికి విరుద్ధమని, వివక్ష చూపుతోందని, పోటీని దెబ్బతీస్తుందని, దేశీయ సాఫ్ట్‌వేరు పరిశ్రమకు నష్టమని అందులో వాదించారు. లైసెన్సు డబ్బులు మిగలడం వల్ల ఒరిగేదేమీ ఉండదని, అసలు ఖర్చు నిర్వహణలో, శిక్షణలో ఉంటుందని కూడా రాశారు.

ఏప్రిల్ 8న విల్యనువేవా జవాబు రాశారు. ఆ జవాబు ప్రపంచమంతా తిరిగింది. ఇంగ్లీషులోకి, ఇంకెన్నో భాషల్లోకి వెళ్లింది. నేను దాన్ని మొదటిసారి చదివినప్పుడు నన్ను నిలబెట్టేసింది ఆ ఉత్తరంలోని మర్యాద. ఎదుటి వారి వాదనలో ఒక్కదాన్ని కూడా దాటవేయకుండా, ఒక్కొక్క వాక్యాన్నే తీసుకుని, ఓపిగ్గా సమాధానమిచ్చారు. డబ్బు మిగులుతుందని నేను ఈ బిల్లు తేలేదన్నారు. ప్రభుత్వం ఉచితంగా దొరికినా పరాయి తాళాన్ని తెచ్చుకోకూడదన్నది ఆయన వాదనలోని అసలు పట్టు. మూడు విషయాలు చెప్పారు. ప్రభుత్వం దగ్గరున్న సమాచారం పౌరులకు అడ్డం లేకుండా అందాలి. ఆ సమాచారం ఏదో ఒక కంపెనీ బాగోగుల మీద ఆధారపడకుండా శాశ్వతంగా నిలవాలి. రాజ్యానికీ పౌరులకూ భద్రత ఉండాలి, అంటే ఆ ప్రోగ్రాము చెప్పిన పనే చేస్తోందా, చాటున ఇంకేదైనా చేస్తోందా అని పరీక్షించి చూసుకునే వీలుండాలి. కంపెనీలు తమకు నచ్చినట్టు సాఫ్ట్‌వేరు అమ్ముకోవడాన్ని ఈ బిల్లు ఆపదని, ప్రభుత్వం తాను ఏ షరతుల మీద కొంటుందో మాత్రమే చెబుతోందని వివరించారు. సరుకు కొనేవాడు షరతు పెట్టడం ఏ సంతలోనైనా ఉన్నదే కదా.

తర్వాత ఏం జరిగింది? ఆ ఏడాది జూన్‌లో అమెరికా రాయబారి పెరూ కాంగ్రెసు అధ్యక్షుడికి ఆ బిల్లును వ్యతిరేకిస్తూ ఉత్తరం రాశారు. ఒక దేశపు శాసనసభలో చర్చలో ఉన్న బిల్లు మీద మరో దేశపు రాయబారి! జులైలో పెరూ అధ్యక్షుడు అలెహాండ్రో తొలెదో అమెరికా వెళ్లి బిల్ గేట్స్‌ను కలిశారు. పెరూ పాఠశాలలకు 5,50,000 డాలర్ల విలువైన విరాళం గేట్స్ ప్రకటించారు. బిల్లు కాంగ్రెసులో నలిగింది. చివరికి 2005లో వచ్చిన చట్టం ప్రభుత్వం ఏ సాఫ్ట్‌వేరైనా కొనేముందు సాంకేతికంగా మదింపు చేసి చూడాలని, ఏ పక్షానికీ ముందే మొగ్గు చూపకూడదని చెప్పింది. అది కొంత మేలే. విల్యనువేవా అడిగినదానికి అది చాలా దూరం.

ఆ మరుసటి ఏడాది, 2006 ఏప్రిల్‌లో, పెరూ అమెరికాతో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. 2009లో అది అమల్లోకి వచ్చింది. డిజిటల్ తాళాలు విప్పడాన్ని నేరం చేసే నిబంధనలు అందులో ఉన్నాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. సోర్స్ కోడ్ ఇవ్వని ప్రోగ్రాముతో మన ప్రోగ్రాము మాట్లాడాలంటే, అది ఎలా పనిచేస్తోందో విప్పి తెలుసుకోవాలి. మన ఫైలు వాళ్ల ఫైలుతో కలవాలి కదా. ఓపెన్ సోర్స్ రాసేవాళ్ల పనిలో ఇదీ ఒక భాగం. మన కాపీరైటు చట్టంలో 1999 సవరణ ద్వారా ఇలా పరిశీలించి తెలుసుకోవడానికి అనుమతి ఉంది. అలాంటి వెసులుబాట్లు ఏ దేశానికా దేశం తన అవసరాన్ని బట్టి ఉంచుకోవలసినవి. అవి ఒప్పందంలోకి ఎక్కాక, తర్వాతి ప్రభుత్వం మార్చాలనుకున్నా ముందు అవతలి దేశం ముఖం చూడాలి.

ఇలాంటి నిబంధనలకు అంతకుముందే పునాది పడింది. 1994 ఏప్రిల్‌లో మొరాకోలోని మరకేష్ నగరంలో కుదిరిన ఒప్పందాల్లో మేధో సంపత్తి ఒప్పందం ఒకటి. ట్రిప్స్ అంటారు. 1995లో అది అమల్లోకి వచ్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన దేశాలు తమ తమ గడువుల్లోగా దాన్ని పాటించాలి. కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనతో సమానంగా కాపీరైటు కింద కాపాడాలని దాని పదో అధికరణం చెబుతుంది. దీన్ని నేను పూర్తిగా తప్పుపట్టను. ఎందుకంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో విడుదల చేసిన జీపీఎల్ లైసెన్సు నిలబడింది కూడా కాపీరైటు మీదే. నా కోడు తీసుకుని మార్చి అమ్ముకో, కానీ కొన్నవాడికి సోర్స్ కోడ్ ఇవ్వాల్సిందే అని ఆ లైసెన్సు షరతు పెడుతుంది. కాపీరైటు లేకపోతే ఆ షరతుకు బలం లేదు. 2003లో లింక్‌సిస్ అనే కంపెనీ తన వైఫై రూటరులో లినక్స్ వాడినట్టు బయటపడి, ఆ లైసెన్సు ప్రకారం కోడు విడుదల చేయాల్సి వచ్చింది. దాని మీద పుట్టిందే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటరు సాఫ్ట్‌వేరు. ఇవాళ ఎన్నో చోట్ల జనం తమ ఊళ్లకు తామే నెట్ కనెక్షన్ వేసుకోవడానికి దాన్ని వాడుకుంటున్నారు.

నాకు భయం పేటెంట్లతో. ట్రిప్స్ ఇరవై ఏడో అధికరణం అన్ని సాంకేతిక రంగాల్లోనూ పేటెంట్లు ఇవ్వాలంటుంది. సాఫ్ట్‌వేరు కూడా అందులోకి వస్తుందని ధనిక దేశాల కంపెనీలు వాదిస్తూ వచ్చాయి. కాపీరైటుకీ పేటెంటుకీ తేడా మనకు సులువుగానే అర్థమవుతుంది. రంగనాథ రామాయణం ఉంది, మొల్ల రామాయణం ఉంది. కథ ఒకటే, ఎవరి మాటలు వాళ్లవి. కాపీరైటు మాటలను కాపాడుతుంది. పేటెంటు కథనే పట్టుకుంటుంది. అదే గనక అప్పట్లో ఉండి ఉంటే, మొదటివాడు రాసిన తర్వాత మొల్ల కలం పట్టుకునే వీలుండేది కాదు, ఆమె ఆ మొదటి పుస్తకాన్ని చూడనే లేదన్నా సరే. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము రాసే కుర్రవాడి దగ్గర లాయరు ఉండడు. ప్రపంచంలో ఎవరెవరు ఏయే ఆలోచన మీద పేటెంటు తీసుకున్నారో వెతికి చూసుకునే డబ్బూ ఉండదు.

మన దేశం ఈ విషయంలో నిలబడింది. పేటెంటు చట్టం మూడో సెక్షనులో కె అనే చిన్న ఉపవిభాగం ఉంది. గణిత పద్ధతులకు, వ్యాపార పద్ధతులకు, ప్రోగ్రాముకు ప్రోగ్రాముగా పేటెంటు లేదని అది చెబుతుంది. 2002 సవరణలో చేరిన మాట అది. ట్రిప్స్ గడువు దగ్గరపడ్డ 2004 డిసెంబరులో వచ్చిన ఆర్డినెన్సు దాన్ని సడలించబోయింది. పరిశ్రమలో ఉపయోగపడేదైతే, హార్డ్‌వేరుతో కలిసి ఉంటే పేటెంటు ఇవ్వచ్చని మాటలు చేర్చింది. 2005లో చట్టం పార్లమెంటులో ఆమోదం పొందేసరికి ఆ మాటలు తీసేశారు. మందుల పేటెంట్ల మీద అప్పుడు జరిగిన పెద్ద చర్చ నీడలో ఇది చాలామంది కంటపడలేదు. నా దృష్టిలో అది చిన్న విజయం కాదు. 2015 ఆగస్టులో పేటెంటు కార్యాలయం జారీ చేసిన మార్గదర్శకాలు మళ్లీ తలుపు తెరవబోతే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాళ్లూ చిన్న కంపెనీల వాళ్లూ గట్టిగా అభ్యంతరం చెప్పారు. డిసెంబరుకల్లా వాటిని పక్కన పెట్టారు. శాసనసభకూ పౌరులకూ తలుపు తెరిచి ఉంటే ఇలా జరుగుతుంది.

తలుపు మూసి ఉంటే ఎలా ఉంటుందో ఇండొనేషియాను అడగాలి. 2009లో అక్కడి మంత్రిత్వ శాఖ ఒకటి ప్రభుత్వ కార్యాలయాలకు సర్క్యులరు పంపింది. దొంగ కాపీలు వాడకండి, ఓపెన్ సోర్స్ వాడితే చట్టబద్ధంగానూ ఉంటుంది, ఖర్చూ తగ్గుతుంది అని. దొంగ కాపీలు మానమని ఏళ్ల తరబడి ఒత్తిడి చేసింది అమెరికా కాపీరైటు పరిశ్రమే. 2010లో ఆ పరిశ్రమ సంఘాల కూటమి తమ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఈ సర్క్యులరును ఇండొనేషియా మీద ఫిర్యాదుల్లో ఒకటిగా చేర్చింది. ఆ నివేదికలను చూసే అమెరికా ప్రతి ఏటా కొన్ని దేశాలను నిఘా జాబితాలో పెడుతుంది. వాణిజ్య రాయితీల మీద ఆ జాబితా నీడ పడుతుంది. డబ్బు పెట్టి కొనుక్కో, లేదా దొంగవు. ఒక పేద దేశానికి మిగిల్చిన దారులు ఈ రెండేనా? ఈ సంగతి చదివిన రోజు నాకు కలిగిన కోపం ఇంకా చల్లారలేదు.

ఇక ఈ కథలో కొత్త అంకం. 2016 ఫిబ్రవరిలో పసిఫిక్ తీరపు 12 దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అందులో సోర్స్ కోడ్ అన్న మాటే పేరుగా ఒక అధికరణం ఉంది. అవతలి దేశపు కంపెనీ తన సాఫ్ట్‌వేరును మీ దేశంలోకి తెచ్చుకోవాలన్నా, అమ్ముకోవాలన్నా, సోర్స్ కోడ్ చూపాలన్న షరతు మీరు పెట్టకూడదు. 2017 జనవరిలో అమెరికా బయటికి వెళ్లిపోయింది. మిగతా 11 దేశాలు ఆ నిబంధనను అలాగే ఉంచుకుని 2018లో సంతకాలు చేశాయి. వియత్నాం ఉంది, మలేషియా ఉంది. పెరూ ఉంది. 2021 సెప్టెంబరులో పెరూకు అది అమల్లోకి వచ్చింది.

న్యాయంగా చెప్పాలంటే ఆ అధికరణంలో మినహాయింపులున్నాయి. కీలక మౌలిక వ్యవస్థలకు వాడే సాఫ్ట్‌వేరుకు అది వర్తించదు. ప్రభుత్వం తన కోసం తాను కొనేవాటికి ఆ అధ్యాయమే వర్తించదు. ప్రైవేటు వ్యక్తులు చేసుకునే ఒప్పందాలకు అడ్డు రాదు. కాబట్టి విల్యనువేవా బిల్లును ఇవాళ తెచ్చినా నిషేధం కాదు. ఇబ్బంది ఇంకో చోట వస్తుంది. జనం ఇళ్లలోకి వచ్చే రూటరు, కారు, వైద్య పరికరం, వీటిలోని కోడును చూపమని ముందుగానే చట్టం చేయాలంటే చేతులు కట్టేస్తుంది. 2015లో వోక్స్‌వ్యాగన్ డీజిలు కార్ల మోసం గుర్తుంది కదా. పరీక్ష జరుగుతున్నదని పసిగట్టి పొగ తగ్గించి, రోడ్డెక్కగానే మళ్లీ వదిలే ప్రోగ్రాము, 1 కోటి 10 లక్షల కార్లలో. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు కారు నడుపుతూ పొగను కొలిచారు కాబట్టి బయటపడింది. ఆ సామగ్రి, ఆ నిపుణులు లేని దేశానికి ముందే కోడు చూపమని అడగడం ఒక్కటే దిక్కు.

ఈ చర్చ మన ఊరికీ వచ్చింది. 2017 జులైలో 16 దేశాల ప్రతినిధులు హైదరాబాదులో కూర్చుని ఆర్‌సెప్ అనే ఆసియా-పసిఫిక్ ప్రాంతపు వాణిజ్య ఒప్పందం మీద మాట్లాడారు. బయట రైతు సంఘాలు, మందుల ధరల మీద పనిచేసేవాళ్లు, కార్మిక సంఘాలు నిరసన తెలిపారు. లోపల బల్ల మీదున్న పాఠం ఏమిటో మన ఎంపీలకు కూడా ఇవ్వలేదు. 2019 నవంబరులో బ్యాంకాక్‌లో భారత్ ఆ ఒప్పందంలో చేరనని చెప్పేసింది. మిగతా దేశాలు 2020లో సంతకాలు చేసిన పాఠంలో సోర్స్ కోడ్ మీద నిషేధం లేదు, ముందు ముందు చర్చించుకుందామన్న మాట మాత్రమే ఉంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2019లో కొన్ని దేశాలు ఈ-కామర్స్ మీద విడిగా చర్చలు మొదలుపెడితే భారత్, దక్షిణాఫ్రికా చేరలేదు. ఆ చర్చల్లో సోర్స్ కోడ్ నిబంధన కోసం ముందు నిలబడ్డ అమెరికా 2023 అక్టోబరులో తానే దాన్ని వదిలేసింది. పెద్ద టెక్ కంపెనీలను అదుపు చేసే చట్టాలు తన దేశంలోనే చర్చకు వచ్చేసరికి, వాటికి చోటు ఉంచుకోవాలనుకుంది. 2024 జులైలో విడుదలైన పాఠంలో ఆ నిబంధన లేదు.

కంపెనీల పుట్టిల్లయిన దేశమే తన కోసం అట్టిపెట్టుకున్న చోటును మనం ఎందుకు వదులుకోవాలి? 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అందులోని డిజిటల్ వాణిజ్య అధ్యాయంలో సోర్స్ కోడ్ నిబంధన ఉంది. దర్యాప్తులకూ న్యాయ విచారణలకూ మినహాయింపులు ఉన్నాయని, ఆందోళన అక్కర్లేదని అంటున్నారు. మినహాయింపు అంటే అనుమానం పుట్టిన తర్వాత చేసేది. మా తాతగారికి కరణం మీద అనుమానం లేదు. తన కాగితం తాను చదువుకోవాలనుకున్నాడు, అంతే.

ఆ ఒప్పందం పాఠం వాణిజ్య మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో ఉంది. ఇంగ్లీషులో ఉంది. ప్రోగ్రాముల మెనూలు తెలుగు చేసే అలవాటున్న వాణ్ని కనుక, ఆ ఒక్క అధికరణాన్ని తెలుగులో రాసుకుందామని ఈ మధ్య కూర్చున్నాను. సోర్స్ కోడ్ అన్న మాట దగ్గర కష్టం రాలేదు, ఉన్నదున్నట్టు ఉంచేశాను. క్రియ దగ్గర ఆగిపోయాను. "అడగరాదు" అని రాస్తే అతిశయోక్తి అవుతుంది, వాళ్లంతట వాళ్లు ఇస్తే తీసుకోవచ్చు కాబట్టి. "షరతు పెట్టరాదు" అంటే చట్టం మాటకు దగ్గరగా ఉంటుంది. అదే రాశాను. రాసి, పైన మొదటి మాటను కొట్టేయకుండా అలాగే ఉంచాను. వినే వాళ్లలో ఎవరికైనా ఇంతకంటే సరైన మాట తోస్తే నాకు కావాలి.